సున్నం గుంత దగ్గర మొదలైన సైన్సు

మొన్న మా చిన్నాయన మనవడి పెళ్లికి ఊరికి వెళ్లాను. వాకిట్లో అడుగు పెట్టకముందే ముక్కుకు ఒక వాసన తగిలింది. తడిసిన సున్నం వాసన. ఇల్లంతా డబ్బా రంగులు వేయించారు గానీ, వెనకున్న కొట్టానికి మాత్రం "దానికెందుకురా గంత ఖర్చు, సున్నం కొట్టిస్తే సరిపాయె" అని చిన్నమ్మ పట్టుబట్టిందట. ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపిన సున్నం, పక్కన కుంచె, డ్రమ్ము అంచున ఆరి పెచ్చులు కట్టిన తెలుపు. పెళ్లి హడావుడిలో నన్నెవరూ పట్టించుకోలేదు. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మాది మునుగోడు, మర్రిగూడల నడుమ ఒక చిన్న పల్లె. చుట్టూ గ్రానైటు గుట్టలు, తాటి చెట్లు, నాలుగు వానలు గట్టిగా పడితే తప్ప నిండని చెరువు. చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. భౌతిక మార్పులు, రసాయనిక మార్పులు అనే పాఠం పుస్తకంలో నాలుగైదు పేజీలకు మించి ఉండేది కాదు. మాకు మాత్రం అది ఏడాది పొడుగునా నడిచింది. దానికి కారణం మా సైన్సు సారు. సారు కంటే ముందు, మా ఇంటి వెనకాల సున్నం గుంత.

గుంతలో మరిగే నీళ్లు

బతుకమ్మ పండుగ దగ్గర పడుతోందంటే ఊళ్లో ఇళ్లన్నిటికీ సున్నాలు పడేవి. నాయిన అంగడి నుంచి గోనెసంచుల్లో గుల్ల సున్నం తెచ్చేవాడు. పొడిగా, తేలిగ్గా, పెళుసుగా ఉండే గడ్డలు. బావి పక్కన నడుము లోతు గుంత ఉండేది. అందులో గడ్డలు పోసి బిందెలతో నీళ్లు కుమ్మరించేవారు.

పోసిన వెంటనే ఏమీ జరగదు. గడ్డలు నీళ్లు పీల్చుకుని ఊరుకుంటాయి. పిల్లలం నిరాశపడి పక్కకు చూసే లోపల ఎక్కడో అడుగున "టప్" మని ఒక గడ్డ పగులుతుంది. ఆ తర్వాత ఇంకొకటి. బుడగలు, బుస, ఆవిరి. కట్టె లేదు, నిప్పు లేదు, గుంతలో నీళ్లు తుకతుక ఉడుకుతాయి. "దగ్గరికి పోకుండ్రి, కండ్లు పోతయ్!" అని అవ్వ కర్ర పట్టుకుని అరిచేది. ఆమె భయం ఉత్తది కాదు. మా వాడలో ఒకాయనకు చిన్నప్పుడు కంట్లో సున్నం పడి చూపు పోయింది. ఆయన ఆ దినాల్లో మా ఇంటి ముందుకే వచ్చేవాడు కాదు.

ఒకటి రెండు రోజులు గుంతను అట్లా వదిలేస్తే సున్నం మెత్తగా నాని గరిటె జారుగా తయారయ్యేది. దాన్ని పాత ధోవతి గుడ్డలో వడగట్టి, గంజి, కాస్త ఉప్పు, చిటికెడు నీలిమందు కలిపేవారు. గోడకు కొట్టినప్పుడు తడి మీద అసలు పూసినట్టే ఉండదు. ఎండేకొద్దీ తెలుపు తేలుతుంది. కింద జానెడు ఎత్తున జాజు పట్టీ. తలుపు పక్కన కొత్త గోడకు ఆనుకుని కూర్చుంటే వీపంతా తెలుపు. ఆ వారం రోజులూ బడిలో ఎవరింటికి సున్నం పడిందో చొక్కాలు చూస్తేనే తెలిసేది.

జేబులో నిమ్మకాయ

సారు పాలమూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చొక్కా జేబులో పెన్నుతో పాటు ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉండేది. బడిలో ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా, ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియని పరిస్థితి. అందుకని ఆయనకు కావలసిన సరుకంతా మా ఇళ్ల నుంచే వచ్చేది.

మేమంతా గైడులో ఉన్న వాక్యం బట్టీ పట్టి వచ్చాం. తిరిగి మొదటి స్థితికి వచ్చేది భౌతిక మార్పు, రానిది రసాయనిక మార్పు. ఒక్కొక్కడూ లేచి గడగడా అప్పజెప్పాం. సారు అంతా విని, వెనక బెంచీలో ఉన్నవాణ్ని పిలిచి "మీ అమ్మ జొన్నలు ఇసురుతదా?" అని అడిగాడు. ఇసురుతదన్నాడు వాడు. "ఆ పిండిని మల్ల జొన్నలు జేసి రేపు పట్కరా" అన్నాడు. క్లాసంతా నవ్వు. పిండి మళ్లీ గింజ కాదు. అయినా జొన్న జొన్నే. గాజు పగిలితే అతకదు. అయినా ముక్కముక్కలో ఉన్నది గాజే. కట్టెను గొడ్డలితో చీలిస్తే పేళ్లు. అదే కట్టెను పొయ్యిలో పెడితే బూడిద, పొగ. చీల్చినప్పుడూ కట్టె వెనక్కి రాదు, కాల్చినప్పుడూ రాదు. మరి రెండూ ఒకటేనా?

"వాపస్ వచ్చిందా లేదా అని కాదురా చూసేది. కొత్తదేమన్న పుట్టిందా అని చూడాలె." ఆయన మాటల్లో మాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడిన మాట ఇది. ఆ ఏడాదే ఆయనకు 'పుట్టిందా సారు' అని పేరు పడింది. ఆ పేరు ఆయనకు తెలుసు కూడా.

తర్వాతి రోజు ఇత్తడి తాంబాలంలో ఎర్రనీళ్లు కలిపించాడు. పెళ్లి దంపతులకూ, పురుటి నుంచి ఇంటికొచ్చిన బిడ్డ తల్లికీ దిష్టి తీసే నీళ్లే. నీళ్లలో పసుపు వేస్తే పచ్చన. గోరంత సున్నం వేసి కలిపితే చూస్తుండగానే ఎరుపు. ఇది పిల్లలందరికీ తెలిసిందే. సారు జేబులోంచి నిమ్మకాయ తీసి కోసి పిండాడు. ఎరుపు పోయి మళ్లీ పచ్చన! "వాపస్ వచ్చింది సార్, భౌతిక మార్పు!" అని ముందు బెంచీవాళ్లు అరిచారు. ఆయన మళ్లీ సున్నం వేశాడు. ఎరుపు. మళ్లీ నిమ్మకాయ. పసుపు.

చెప్పిన సంగతి ఏమిటంటే, పసుపులో రంగునిచ్చే పదార్థం క్షారం తగిలితే ఒక రూపానికి, పులుపు తగిలితే ఇంకో రూపానికి మారుతుంది. రంగు మారడానికి కారణం లోపల అణువే మారడం. వెనక్కి వచ్చినంత మాత్రాన అది భౌతిక మార్పు కాదు. తెల్లచొక్కా మీద పప్పు మరక పడితే సబ్బు పెట్టగానే ఎర్రబడడం, బాగా జాడిస్తే మళ్లీ పసుపు తేలడం ఇదే. మా అమ్మ ఆ మరక చూసి 'సబ్బు మంచిది కాదు' అని కోమటాయనతో తగువు పెట్టుకునేది. నేను ఇంటికెళ్లి సైన్సు చెప్పినా తగువు ఆగలేదు.

ఇక సున్నం సంగతి. సున్నపురాయిని బట్టీలో బాగా కాలిస్తే అందులోంచి బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, వెళ్లిపోతుంది. 100 కిలోల స్వచ్ఛమైన రాయి కాలిస్తే మిగిలేది 56 కిలోలు. మిగతా 44 కిలోలూ గాలిలో కలిసిపోతాయి. నాయిన తెచ్చిన గడ్డలు అంత తేలిగ్గా ఎందుకుండేవో నాకు ఆ రోజు తెలిసింది. ఆ గడ్డకు నీళ్లు తగిలితే వేడి పుట్టి తడి సున్నమవుతుంది. గోడకు పూశాక అది గాలిలోంచి అదే వాయువును మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు భూమిలో ఉండే రాయే బట్టీ ఎక్కి, గుంతలో దిగి, చివరికి పల్చని పూతగా మా గోడ మీద రాయై కూర్చుంది. మూడుసార్లు కొత్త పదార్థం పుట్టింది. మూడోసారి పుట్టింది మొదటిదే.

నమ్మలేదు ఎవరూ. సారు ఒక పలక మీద బడి గోడ నుంచి గీకిన పాత పెచ్చు, ఇంకో పలక మీద మా గుంతలోంచి తెచ్చిన తడి సున్నం పెట్టాడు. రెండిటి మీదా నిమ్మకాయ పిండాడు. పాత పెచ్చు బుసబుసమని పొంగింది. కొత్త సున్నం మీద బుడగ లేదు, చప్పుడు లేదు. పీల్చుకున్న గాలిని పెచ్చు తిరిగి కక్కుతోంది, కొత్త సున్నం ఇంకా పీల్చుకోలేదు, అంతే తేడా. ఆ మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో బడి గోడకు ఎక్కడ పెచ్చు లేస్తే అక్కడల్లా గీకి వదిలిపెట్టాం. హెడ్మాస్టరు గారు సారును పిలిచి మాట్లాడారని విన్నాం.

లొట్టి మీద నురగ

హెడ్మాస్టరు గారితో ఆయనకు అసలైన గొడవ కల్లుతో వచ్చింది.

మా క్లాసులో ఒక గౌడ్ల పిల్లగాడు ఉండేవాడు. వాళ్ల నాయిన నడుముకు మోకు, గీత కత్తులు కట్టుకుని చీకటితోనే తాళ్ల వనంలోకి పోయేవాడు. అప్పుడే దించిన తాటి నీర తియ్యగా, పల్చగా ఉంటుంది. పొద్దెక్కితే నురగ కడుతుంది, ఘాటు వస్తుంది. సాయంత్రానికి పుల్లగా మారుతుంది. మరునాటికి పులుపు తప్ప ఏమీ మిగలదు. కల్లు అమ్మే మండువ దగ్గర కూర్చునే ముసలివాళ్లు ఒక్క గుక్క తాగి 'ఇది పొద్దుటిది కాదు' అని లొట్టి (కల్లు కుండ) పక్కకు నెట్టేసేవారు. నాలుకే వాళ్ల గడియారం.

సారు ఆ పిల్లవాడి చేత సీసా నిండా కల్లు తెప్పించాడు. సీసా మూతికి గోధుమపిండి ముద్ద అద్ది, ఊళ్లో డాక్టరు పారేసిన సెలైన్ పైపు దూర్చి, రెండో కొస సున్నపు తేట ఉన్న గ్లాసులో పెట్టాడు. సున్నపు తేట అంటే గుంతలో పైన తేలిన నీళ్లు, అద్దంలోంచి చూసినంత తేటగా ఉంటాయి. కల్లు సీసాలోంచి బుడగలు ఒక్కొక్కటే వచ్చి సున్నపు తేటలో పేలాయి. కాసేపటికి తేట కాస్తా పాలరంగుకు తిరిగింది. తర్వాత మాకు తలా ఒక బొప్పాయి కాడ ఇచ్చి, మరో గ్లాసు సున్నపు తేటలోకి ఊదమన్నాడు. అదీ పాలరంగే.

బట్టీలో రాయిలోంచి పోయింది, పెచ్చు మీద నిమ్మకాయ పిండితే వచ్చింది, కల్లు మీద నురగ లేపింది, మా ముక్కుల్లోంచి వస్తున్నది, నాలుగూ ఒకటే వాయువని ఆ రోజు తెలిసింది. లొట్టిలో ఉండే కంటికి కనబడని ఈస్టు చక్కెరను తిని సారాయి పదార్థాన్నీ, ఈ గాలినీ పుట్టిస్తుంది. ఆ తర్వాత వేరే సూక్ష్మజీవులు దిగి దాన్ని పులుపు చేస్తాయి. లొట్టి లోపల సున్నం పూస్తే ఈస్టు పని సాగదు. నీర తియ్యగానే దిగుతుంది. వాళ్ల నాయిన అడిగినవాళ్లకు అట్లా సున్నం పూసి దించి ఇచ్చేవాడట. ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాయిన చేసేవాడు కాబట్టి ఈయనా చేసేవాడు.

వాసన వరండా దాటి ఆఫీసు రూము దాకా పోయింది. హెడ్మాస్టరు గారు వచ్చి గుమ్మంలో నిలబడి టేబులు మీదున్న సీసాను, మమ్మల్ని, సారును మార్చి మార్చి చూశారు. "ఇది పాఠమే సార్" అన్నాడు మా సారు. సీసా ఎవరు ఖాళీ చేశారన్న విషయం మీద ఆ తర్వాత చాలా పుకార్లు నడిచాయి.

కళాయి పొగ

కళాయి వేసేవాళ్లు ఎండాకాలం వచ్చేవాళ్లు. "కళాయీ... కళాయేస్తం..." అని సాగదీసి అరుచుకుంటూ వాడవాడా తిరిగి, చివరికి ఊరి నడుమ వేపచెట్టు కింద కూర్చునేవారు. నేలలో చిన్న గుంత, బొగ్గులు, తోలు తిత్తి. ఇళ్లలోంచి ఆడవాళ్లు లోపల పచ్చటి చిలుము పట్టిన ఇత్తడి గిన్నెలు, గుండిగలు తెచ్చి వరుసలో పెట్టేవారు. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు, మజ్జిగ పెడితే కొద్దిసేపటికే రుచి మారేది, కడుపులో తిప్పేది.

గిన్నెను నిప్పుల మీద బాగా కాగనిచ్చి, నవసాగరం పొడి చల్లి గుడ్డతో రుద్దేవాడు. తెల్లటి పొగ లేచేది. ఘాటుగా, ముక్కుపుటాలు మండే పొగ. ఆ పొగలోనే తగరం కడ్డీ కొసను గిన్నెకు తాకించేవాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. చుక్క చుక్కగా కారి, గుడ్డతో ఒక్కసారి చుట్టూ తిప్పేసరికి గిన్నె లోపలంతా వెండి మెరుపు. వెంటనే నీళ్ల తొట్టిలో ముంచితే 'చుయ్' మని చప్పుడు. నల్లగా వచ్చిన గిన్నె మెరుస్తూ తిరిగి వెళ్లడం ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు.

సారు ఒక సాయంత్రం మమ్మల్ని ఆ చెట్టు కిందికే తీసుకొచ్చాడు. తగరం కరిగి మళ్లీ గట్టిపడడం భౌతిక మార్పు, అది తగరమే. నవసాగరం కాగిన లోహం మీద పడి చిలుమును పట్టుకుని లాగేయడం రసాయనిక మార్పు. అసలు చిలుము పట్టడమే మొదటి రసాయనిక మార్పు. ఒకే పనిలో రెండు రకాలూ కలిసి నడుస్తాయని, ఏదీ విడిగా దొరకదని ఆయన అంటుంటే కళాయి ఆయన తిత్తి ఆపి వింటున్నాడు. చివరికి "సారూ, పొగ రాకపోతే తగరం అంటదు, గంతే నాకెరుక" అన్నాడు. సారు ఆ మాటకు ఎంత సంతోషపడ్డాడో! మరునాడు బోర్డు మీద మొదటి వాక్యంగా అదే రాశాడు.

తర్వాత స్టీలు గిన్నెలొచ్చాయి. కళాయి కేక ఆగిపోయింది. పెళ్లి ఊరేగింపుల్లో తలమీద పెట్టుకుని నడిచే పెట్రోమాక్స్ లైట్లూ పోయాయి. వాటి మ్యాంటిల్ గుర్తుందా? కొత్తది మెత్తటి గుడ్డ సంచే. మొదటిసారి వెలిగించగానే గుడ్డ కాలిపోయి, దానికి పట్టించిన లవణాల బూడిద మాత్రం అదే ఆకారంలో నిలబడి వెలుగుతుంది. వేలు తగిలితే రాలిపోతుంది. లైటు మోసేవాడి వెంట నడుస్తూ 'తాకకురా' అని తిట్లు తినని పిల్లవాడు మా ఊళ్లో లేడు.

పుట్టపాక దోస్తు

తొమ్మిదో తరగతిలో మాతో ఒక నేతన్నల పిల్లవాడు చేరాడు. వాళ్లది సంస్థాన్ నారాయణపూర్ దగ్గరి పుట్టపాక. సెలవుల్లో వాళ్లింటికి వెళ్తే గుమ్మం దాటకముందే నూనె వాసన వచ్చేది. వాళ్ల తాత తేలియా రుమాళ్లు నేసేవాడు. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి తేట తీసి, అందులో నూనె కలిపి, నూలును రోజుల తరబడి నానబెట్టడం, పిసకడం, ఎండబెట్టడం. బూడిద తేటలోని క్షారం, నూనె కలిసి సబ్బు లాంటిది తయారవుతుంది, నూలు దాన్ని పట్టుకుంటుంది. అట్లా తయారైన నూలుకే ఆ ఎరుపు గట్టిగా నిలుస్తుంది.

నూలుకు ముడులు వేసి, రంగు పడకూడని చోట గట్టిగా చుట్టి కట్టడం అంతా చేతిపని, భౌతికమే. విప్పితే నూలు మళ్లీ నూలే. రంగు పట్టడం అలా కాదు. మా దోస్తు ఈ తేడాను పరీక్షలో రాశాడు, మార్కులు పూర్తిగా వచ్చాయి. వాళ్ల తాత మాత్రం "రంగు అంటే ఎంగిలి గాదు, కడిగితే పోనీకె" అని నవ్వేవాడు. ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసినప్పుడు ముందుగా గుర్తొచ్చింది ఆయన వేళ్లే. గోళ్ల కింద ఎప్పుడూ ఎరుపు, నలుపు.

పళ్ల మీద గార

ఇంటర్‌కు హైదరాబాదులో హాస్టల్లో చేరినప్పుడు నేను నోరు తెరిచి నవ్వితే చాలు, "నల్లగొండనా?" అని అడిగేవారు. పళ్ల మీది గోధుమరంగు గీతలే మా ఊరి అడ్రసు.

చిన్నప్పుడు ఆ గార పోతుందని బొగ్గుపొడితో రుద్దాం, ఉప్పుతో రుద్దాం, ఇటుకపొడితో కూడా రుద్దాం. చిగుళ్ల వెంట రక్తం వచ్చిందే తప్ప రంగు పోలేదు. మా బావులన్నీ ఆ గ్రానైటు గుట్టల కింద తవ్వినవి. ఆ రాయిలోని ఫ్లోరైడు మెల్లమెల్లగా నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు చూడడానికి తేటగా ఉంటాయి, వాసన లేదు, రుచిలో తేడా తెలియదు. చిగుళ్ల కింద కొత్త పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే పంటి పింగాణీయే సరిగ్గా కుదరదు. పైన అంటిన మరక అయితే రుద్దితే పోతుంది. ఇది పన్ను పుట్టుకలోనే కలిసిపోయింది. పెద్దవాళ్లలో ఎముకల దాకా పోయేది. మా పెద్దనాయిన నడివయసుకే నడుము వంగి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగవలసి వచ్చేది.

అప్పట్లో ఎవరు వచ్చినా చెప్పే సలహా ఒకటే, నీళ్లు కాచి తాగండి. అవ్వ పొద్దున్నే బిందెడు నీళ్లు మరిగించి చల్లార్చేది. సారు మా ఇంటికి వచ్చినప్పుడు అది చూసి నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, కాస్తే పురుగులు సస్తయ్, నిజమే. గని ఫ్లోరైడు ఆవిరిగాదు. నీళ్లు తగ్గుతయ్, అది గట్లనే ఉంటది. ఇంక చిక్కగైతది." అవ్వకు నమ్మకం కుదరలేదు. కాచిన ఉప్పునీళ్లలో ఉప్పు ఎక్కడికి పోతుందని సారు అడిగాకే ఆలోచనలో పడింది. మరిగించడం భౌతిక మార్పు. దానితో ఈ శత్రువు పోదు.

పోవాలంటే రసాయనం కావాలి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేసిన పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. కావలసింది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. సారు బడి వరండాలో రెండు బకెట్లు పెట్టి చేసి చూపించాడు. సున్నం కలిపిన నీళ్లలో పటిక నీళ్లు పోసి కర్రతో మొదట జోరుగా, తర్వాత మెల్లగా తిప్పాడు. నిమిషాల్లోనే తేట నీళ్లలో ఎక్కడినుంచో దూది పింజల్లాంటివి పుట్టి, ఒకదానికొకటి అతుక్కుని, మెల్లగా కిందికి దిగాయి. ఫ్లోరైడును ఆ పింజలు పట్టుకుని అడుగుకు తీసుకుపోతాయి. పైన తేరిన నీళ్లను వంపుకోవాలి, అడుగు మడ్డిని పశువులు తాగని చోట పారబోయాలి. ఎంత పటిక పోయాలో నీళ్లను బట్టి మారుతుంది, చిటికెళ్ల లెక్క పనికిరాదు. వరండాలో ఆ రోజు గుమిగూడిన తల్లుల్లో చాలామంది ఇళ్లలో కొన్నాళ్లు చేశారు. రోజూ రెండు బకెట్లు కలిపి, కాచుకుని కూర్చునే తీరిక కూలికి పోయే ఇళ్లలో ఎక్కడిది? మెల్లగా మానేశారు. పక్క ఊళ్లో పెట్టిన శుద్ధి ట్యాంకు కూడా పటిక సరఫరా ఆగిపోయి తుప్పు పట్టింది. దాని ఇనుప నిచ్చెన జంగు పట్టి ఒక్కో మెట్టూ రాలడం మేం చూశాం. అదీ ఒక రసాయనిక మార్పే, ఎవరూ ప్రయోగం చేసి చూపించనక్కర లేనిది.

నీళ్ల కోసం కడుపు మండి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా అచ్చు వేయవలసి వచ్చింది. ఎన్నిక వాయిదా పడింది. దేశం మా జిల్లా పేరు విన్నది అప్పుడే. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి ఫ్లోరోసిస్‌తో ముడుచుకుపోయిన శరీరంతోనే ఈ పోరాటానికి ముఖమై నిలిచాడు. 2023లో ఆయన పోయిన రోజు మా ఊరి వాట్సప్ గ్రూపులో ఇంకే ముచ్చటా లేదు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో కట్టారు. ఆ తర్వాత మా వాకిట్లోనూ కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది. పెళ్లిలో ఫోటోలు దిగుతున్నప్పుడు మా వయసువాళ్లం పెదవులు మూసుకుని నవ్వాం. పిల్లలు మాత్రం పళ్లన్నీ కనిపించేలా నవ్వారు.

పాలు

పెళ్లి అయ్యాక నల్లగొండలో దిగి రామగిరిలో ఉంటున్న సారును చూడ్డానికి వెళ్లాను. రిటైరై చాలా ఏళ్లయింది. వినికిడి కాస్త తగ్గింది, గొంతు తగ్గలేదు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. సున్నం గుంత అనగానే "ఓ, నువ్వా! బడి గోడ గీకినోడివి!" అన్నాడు.

కూర్చోబెట్టి టీ చెప్పాడు. నా ఉద్యోగం, పిల్లలు, జీతం, ఏదీ అడగలేదు. వంటింట్లోంచి కొత్తిమీర కట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. సగం వాడిపోయింది, కొన్ని రెమ్మలు పచ్చదనం పోయి పసుపు తిరిగాయి. "ఏ మార్పు?" అన్నాడు. నీళ్లు తగ్గి వాడిపోవడం భౌతికం, గ్లాసులో కాడ ముంచి పెడితే రెమ్మ మళ్లీ లేస్తుంది. పసుపు తిరగడం ఆకులోని పత్రహరితం విరిగిపోవడం, అది నీళ్లలో పెట్టినా రాదు. నేను చెప్పాను. ఆయన తల ఊపి, "మరి ఫ్రిజ్జుల పెడితే రెండూ ఎందుకు ఆలస్యమైతయ్?" అని ఇంకో ప్రశ్న వేశాడు. దానికి జవాబు చెప్తుండగానే, కర్పూరం డబ్బాలో తరిగిపోవడం వేరు, హారతిలో వెలగడం వేరు అని ఆయనే మరో దారి పట్టాడు. కర్పూరం డబ్బాలో మిరియాలు ఎందుకేస్తారో కూడా మొదలుపెట్టాడు గానీ, వంటింట్లోంచి చుయ్ మని చప్పుడు వచ్చింది.

"సూడు సూడు, పాలు పొంగుతున్నయ్! ఆవిరి మీగడ కింద చిక్కి పైకి ఎత్తుతది. ఇగ ఇప్పుడు చెప్పు, ఇండ్ల కొత్తదేమన్న పుట్టిందా?" అని ఆయన కుర్చీలోంచి లేచి ఉత్సాహంగా నా భుజం తట్టాడు.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలు అక్కడినుంచే కేకేసింది. "మామయ్యా, ఏ మార్పో తర్వాత చెప్పుకుందురు గని, ముందుగాల స్టవ్ బంద్ చెయ్యుండ్రి!"